లాకు సారు కట్టిన మెట్లు

మొన్న సోమవారం పొద్దున మా కళ్ళంలో వడ్లు తూర్పారబడుతున్నాం. పాళెం పోలయ్య సైకిలు మీద వచ్చి గట్టు మీద దిగాడు. ఎప్పుడైనా ఆమడ దూరం నుంచే కేక వేసే మనిషి, ఆ రోజు మాటా పలుకూ లేకుండా తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, కోసిన మడిలో నుంచి నడిచి వచ్చాడు.

"అన్నా, లాకు సారు పోయినారు" అన్నాడు. "కోవూరు నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పినాడు. నిద్రలోనే అంట."

చేట నా చేతిలో అలాగే ఉండిపోయింది. గాలి మాత్రం ఆగలేదు. పొట్టు ఎగిరి ఇద్దరి మీదా పడుతోంది. పోలయ్య దాన్ని దులుపుకోలేదు, నేనూ దులుపుకోలేదు. కాసేపటికి నేను చొక్కా తొడుక్కున్నాను. ఇద్దరం కోవూరు బయలుదేరాం.

ఈ నాలుగు మాటలు చదివేవాళ్ళలో చాలామంది ఆయనను ఎరగరు. ఆయన పేరు ఏ పత్రికలోనూ పడలేదు. మా ఊరి దగ్గర బకింగ్‌హాం కాలువ లాకుకు సూపరింటెండెంటుగా పనిచేసిన మనిషి. ధాన్యమూ సరుగుడు కట్టెలూ వేసుకుని మద్రాసు వైపు పోయే పడవలకు లాకు తలుపులు తీయించడం, మూయించడం, లోపలి నీటిమట్టం పెంచీ దించీ వాటిని దాటించడం ఆయన ఉద్యోగం. అందరం లాకు సారు అనేవాళ్ళం. విడవలూరు మొదలుకొని దక్షిణంగా కృష్ణపట్నం దాకా కాలువ పొడవునా ఉన్న ఊళ్ళవాళ్ళం ఇవాళ ఫుట్‌బాల్ లీగు ఆడుతున్నామంటే, ఆ లీగుకు మూడు మెట్లున్నాయంటే, అవి ఆయన కట్టినవి.

ఆయన మా లాకుకు వచ్చింది యాభైల చివర్లో. అంతకు ముందు యుద్ధకాలంలో సైన్యంలో పనిచేశారు. ఆ అలవాటు చొప్పున ఇక్కడా ఖాకీ నిక్కరే తొడిగేవారు. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళు రెండూ ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉండేవారు. శనివారం సాయంత్రం క్వార్టర్సు అరుగు మీద కూర్చుని తోలుబంతికి ఆముదం రాయడం ఆయనకు పూజ లాంటిది. కుట్టు కుట్టునా వేలితో రుద్ది, సైకిలు పంపుతో గాలి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. బంతి ఆయనకు ఏం చెప్పేదో మాకు తెలియదు. ఒక్క సంగతి మాత్రం కాలువ పొడవునా తెలుసు. ఆయనకు ఫుట్‌బాల్ ఆడటం రాదు. ఎటు గురిపెట్టి తన్నినా బంతి పోయి కాలువలోనే పడేది. పడవవాళ్ళు గెడతో దాన్ని ఒడ్డుకు తోసి, "సారూ, తమరు ఈల ఊదండి, చాలు" అనేవారు. ఆయనా నవ్వేవారు.

ఆయన రాకముందు మా వైపు ఫుట్‌బాల్ లేకపోలేదు. శివరాత్రికో తిరణాలకో ఒక ఊరు ఇంకో ఊరిని పిలిచేది. సగం ఆట కాకముందే తగాదా. తర్వాత ఎవరి ఊరికి వాళ్ళు పోయి మేమే గెలిచామని చెప్పుకునేవాళ్ళు. వరి పండించే ఊళ్ళు వాటిలో అవి ఆడుకునేవి. సముద్రం ఒడ్డున చేపలు పట్టే పాళేల వాళ్ళు అలల పక్కన తమలో తాము ఆడుకునేవారు. ఈ ఇద్దరూ ఒకే బంతి వెంట పరుగెత్తిన రోజు లేదు. చేపలు బేరమాడేటప్పుడు ఎదురుపడటం తప్ప ఒకరి ఊరికి ఒకరు పోయేదీ లేదు.

వచ్చిన ఏడాదికే సారు పడవవాళ్ళతో కబురు పంపారు. ఫుట్‌బాల్ ఆడే ప్రతి ఊరి నుంచీ ఒకరు రావాలని. లాకు ఆవరణలో సరుగుడు చెట్ల కింద చేరాం. మా ఊరి జట్టుకు నేను కెప్టెన్ను. నాతో మా మేనమామ కూడా వచ్చాడు. మామ మా ఊరికి పెద్ద రైతు, పంచాయతీ ప్రెసిడెంటు. మా నాన్న చిన్నప్పుడే పోతే నన్ను పెంచిందీ ఆయనే. కాలువ పక్కన తన బీడు చదును చేయించి మాకు గ్రౌండుగా ఇచ్చిందీ ఆయనే. అంత మంచి గ్రౌండు ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు. పాళెం నుంచి పోలయ్య వచ్చాడు. అందరం నీడలో కూర్చుంటే అతను కొంచెం ఎడంగా ఎండలో నిలబడ్డాడు.

సారు సుద్దముక్క తీసుకుని లాకు ఆఫీసు గోడ మీద మూడు మెట్లు గీశారు.

"ఇంగ్లండులో ఇట్టాంటివి నాలుగుండాయి. వాటి కింద ఇంకా జిల్లాలవీ ఊళ్ళవీ లెక్కలేనన్ని లీగులు. ఏడాదంతా ఆడినాక పై మెట్టులో అడుక్కు పడిన రెండు జట్లు రెండో మెట్టుకు దిగతాయి. రెండో మెట్టులో ముందు నిలిచిన రెండు పైకెక్కతాయి. గొప్పోళ్ళ జట్టని చూడరు, మిల్లు కూలీల జట్టని చూడరు. ఆటే చూస్తారు."

"మన దేశంలోనో?" అని ఎవరో అడిగారు.

"కలకత్తా, మద్రాసు లాంటి పట్నాల్లో లీగులుండాయి, వాటిల్లో పై డివిజను, కింది డివిజను ఉండాయి. పట్నం దాటితే మెట్లు లేవు. దేశమంతా కలిసి ఆడేదానికి రాష్ట్రాల జట్లుండాయి. అయితే వాటిల్లోకి ఎంచి పంపేదే గానీ, కింద నుంచి ఆడుకుంటా ఎక్కిపొయ్యే దారి లేదు. మేడ మీద గది కట్టినారు, కింద మనం ఉండాము, నడుమ మెట్లు కట్టలేదు. మన వైపు నుంచి మనం మొదలుపెడదాం, ఏడాదికి ఒక్క జట్టు ఎక్కేది, ఒక్క జట్టు దిగేది."

ఎండలో నుంచి పోలయ్య అడిగాడు. "సారూ, మేము కూడానా?"

"మీరు బంతి ఆడతారు గదా?"

"ఆడతాం."

"అయితే మీరూనే. ఎండలో ఏందయ్యా నిలబడింది, ఇట్టా వచ్చి కూర్చో."

మొదటి ఏడాది ఎవరు ఏ మెట్టు మీద ఉండాలన్న దానికి సారు చీట్లు వేశారు. "ఈ ఒక్క ఏడే చీట్లు. ఇంక ముందు కాళ్ళే" అన్నారు. మా ఊరికి పై మెట్టు వచ్చింది. పాళేనికి అడుగు మెట్టు. మామ ఆ చీటీ తన గొప్పతనానికి దేవుడిచ్చిన సాక్ష్యమన్నట్టు మీసం దువ్వుకున్నాడు. సారు రెండు నియమాలు చెప్పారు. ప్రతి జట్టుతోనూ వాళ్ళ ఊళ్ళో ఒక ఆట, మన ఊళ్ళో ఒక ఆట ఆడాలి. రెండోది, పిలిచిన ఊరు మంచినీళ్ళు ఇవ్వాలి, పోయిన ఊరు అవి తాగాలి. ఆ రెండో మాటకు నీడలో కూర్చున్నవాళ్ళలో కొందరు తలలు వంచుకున్నారు. సారు చూడనట్టే సుద్ద చేతులు దులుపుకున్నారు.

కోతలయ్యాక మొదలై వానలు పడేదాకా ఆటలు. ప్రతి సోమవారం గోడ మీద జట్ల పేర్లు చెరిపి, గెలుపు ఓటములను బట్టి మళ్ళీ రాసేవారు సారు. లాకులో నీళ్ళు నిండేదాకా పడవవాళ్ళకు పని ఉండదు కదా, ఆ గోడ ముందు నిలబడి చదువుకునేవారు. చదువు రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చెప్పేవారు. సాయంత్రానికి ఆ సంగతులు పడవలతో పాటు కాలువ కింద ఊళ్ళన్నిటికీ చేరేవి. మా ఊరి ఆడవాళ్ళు కూడా నీళ్ళ రేవులో, "ఏమ్మే, మనోళ్ళు ఎన్నోవోళ్ళంట?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళు.

ఆటలో గొడవ పడితే సారు గొంతు పెంచేవారు కాదు. గోలు కాదని ఒకడు మీదికి వస్తే, "ఇంటికి పొయ్యి అన్నం తిని, మళ్ళా వచ్చి చెప్పు. అప్పుడూ అదే మాటంటే వింటా" అనేవారు. అన్నం తిన్నాక ఎవడూ తిరిగి రాలేదు. ఓడి ఏడ్చేవాడి పక్కన కూర్చుని, "ఓడినోడు ఇంటికి పోవచ్చు గానీ ఆటలో నుంచి పోగూడదు" అనేవారు. ఆ మాట ఇప్పుడు మా ఇళ్ళల్లో పరీక్ష తప్పిన పిల్లలకూ చెబుతున్నాం.

పాళెం వాళ్ళు అడుగు మెట్టులో మొదటి ఏడే గెలిచి నడి మెట్టుకు ఎక్కారు. అక్కడా గెలిచారు. సరిగ్గా ఆ ఏడాదే పై మెట్టులో మేము అడుక్కు పడ్డాం. ఆఖరి ఆటలో గెలిస్తే నిలిచేవాళ్ళం. గెలవలేదు. చెరొక గోలుతో సరిసమానంగా ముగిసింది. సారు ఈల ఊదగానే మామ గ్రౌండు గట్టు మీద నుంచి లేచి, గొడుగు మడిచి ఇంటికి పోయాడు.

ఆ ఆదివారం లాకు ఆవరణలో కెప్టెన్లందరి సమావేశం. మామ కూడా వచ్చాడు. పోట్లాడేవాడిలా కాదు, నెమ్మదిగా మాట్లాడాడు. అందుకే ఆ మాట కాదనడం కష్టమైంది.

"సారూ, పాళెం వాళ్ళను ఎక్కించండి. నేను వద్దనలేదు. బాగా ఆడినారు. పై మెట్టులో ఇంకొక్క చోటు పెంచండి. మమ్మల్ని దించబాకండి. నా గ్రౌండులో ఆడుకుంటా నన్నే దించితే ఊళ్ళో నేను తలెత్తుకునేది ఎట్టా?"

చాలా మంది తలలూపారు. పోలయ్య కూడా, "మాకేం అభ్యంతరం లేదు సారూ" అన్నాడు.

సారు గోడ మీది మెట్ల వైపు చూపించారు. "రెడ్డిగారూ, ఈ ఏడు మీ కోసం ఒక చోటు పెంచితే, వచ్చే ఏడు ఇంకొకరి కోసం పెంచాల. నాలుగేళ్ళకు అందరం పైనే కూర్చుంటాం. అప్పుడది మెట్టు కాదు, తిన్నె."

"అయితే ఓటు పెట్టండి. పది మంది చెప్పిందే చేద్దాం."

"ఇంగ్లండులో కూడా ఒక చోట ఓటుండాది. నాలుగో మెట్టు అడుగున. అక్కడ అడుక్కు పడినోళ్ళు ఆటతో దిగరు. వీళ్ళనే ఉంచేదా, బయటోళ్ళను తెచ్చేదా అని మిగతా జట్లు ఓటేస్తాయి. ఏమవుతుందంటారు? తెలిసినోళ్ళు తెలిసినోళ్ళకే వేసుకుంటారు. బయటోళ్ళు ఎంత బాగా ఆడినా ఏళ్ళ తరబడి వాకిట్లోనే. వాళ్ళ మేడలో నేను చూసిన లోపం అదొక్కటే. దాన్ని మాత్రం మనం తెచ్చుకోవద్దు."

మామ ముఖం ఎర్రబడింది. సారు నా వైపు తిరిగారు. "దిగేది ఒక జట్టు. ఆ జట్టుకు ఒక కెప్టెను ఉండాడు. ఆయన చెబితే విందాం."

నేను లేచి నిలబడ్డాను. నా కాళ్ళకున్న బూట్లు మామ మద్రాసు నుంచి తెప్పించినవి. అయినా ఆ గోడ మీద గీసిన మెట్లను రెండేళ్ళుగా చూస్తున్నాను. అడుగు నుంచి ఒక్కొక్క ఆటా గెలిచి వచ్చిన పోలయ్య నా ఎదుట కూర్చుని ఉన్నాడు.

"దిగతాం మామా" అన్నాను. "మళ్ళా ఎక్కతాం."

మామ కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అందరూ పోయాక కూడా నేను అక్కడే కూర్చుండిపోయాను. సారు భార్య, మేము అమ్మగారు అనే ఆవిడ, మజ్జిగ తెచ్చి పెట్టి లోపలికి పోయింది. సారు నా పక్కన కూర్చున్నారు. లాకులో అప్పుడే కట్టెల పడవ ఒకటి కిందికి దిగుతోంది.

"రోజూ చూస్తుండా అబ్బయ్యా. పడవలు ఎక్కతాయి, దిగతాయి. దిగినందుకు ఏ పడవా మునగలేదు" అన్నారు.

అప్పుడే ఆయన తన సైన్యం రోజుల సంగతి చెప్పారు. సిపాయిల జట్టు ఎంత బాగా ఆడినా దొరల జట్టుతో ఆడనిచ్చేవారు కాదట. ఇంగ్లండు నుంచి వచ్చిన సార్జెంటు ఒకాయన మాత్రం సాయంత్రాలు వీళ్ళ దగ్గర కూర్చుని తన ఊరి కబుర్లు చెప్పేవాడట. అదొక మిల్లుల ఊరు. సారు దాని పేరు ఎన్నిసార్లు చెప్పినా మాకు నోరు తిరగలేదు. ఆ ఊరి జట్టు ఆ సార్జెంటు తండ్రి కాలంలో పై మెట్టు దాకా పోయి, మళ్ళీ ఒక్కొక్క మెట్టే దిగి వచ్చిందట. తండ్రి మాత్రం ఏ మెట్టులో ఉన్నా ప్రతి శనివారం పోయి చూసేవాడట.

"ఎందుకని అడిగినా ఆ సార్జెంటును. మా నాయన మెట్టును చూసేదానికి పోలేదు, మా ఊరిని చూసేదానికి పోయినాడు అన్నాడు. ఆ మాట నన్ను పట్టుకునింది."

మూడోనాడు పొద్దున చూస్తే గ్రౌండులో మామ అరకలు. గోలు స్తంభాలు పీకి గట్టున పడేసి ఉన్నాయి. చాళ్ళు ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా పోయాయి. మా జట్టంతా గట్టున నిలబడి చూస్తోంది. కబురు అంది సారు వచ్చారు. ఏమంటారోనని అందరం చూస్తున్నాం. ఆయన చాలులోకి దిగి మట్టిగడ్డ ఒకటి తీసి చిదిపారు.

"మంచి నేల. శనగ వేస్తే బాగా కాస్తాది" అని, ఖాకీ నిక్కరుకు చేతులు తుడుచుకుని ఆఫీసుకు పోయారు.

మాకు సొంత ఊళ్ళో ఆడే చోటు లేకుండా పోయింది. ఆ సాయంత్రం పోలయ్య మా ఇంటి వాకిట్లోకి వచ్చాడు, అదే మొదటిసారి రావడం. "అన్నా, మా ఇసకలో ఆడుకోండి. ఒక ఆదివారం మాది, ఒక ఆదివారం మీది" అన్నాడు.

ఇసుకలో ఆడటమంటే ఏమిటో మాకు మొదటి ఆదివారమే తెలిసింది. అడుగు తీసి అడుగు వేయడమే కష్టం. పిక్కలు పట్టేశాయి. సగం ఆటకు అందరం వగరుస్తూ కూలబడ్డాం. పోలయ్య తల్లి కడవతో నీళ్ళు తెచ్చింది. తెచ్చి దగ్గరకు రాలేదు. పది అడుగుల దూరంలో దించి, చెంబు పైన పెట్టి, తను వెనక్కు పోయి నిలబడింది. మా వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సారు ఈల పట్టుకుని సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు. మమ్మల్ని చూడటం లేదు, కానీ ఈల మాత్రం ఊదడం లేదు.

మా గోలు కాసే గోలీ మా మామ కొడుకే. తండ్రికి చెప్పకుండా వచ్చాడు. అందరికంటే లావు, అందరికంటే ముందు దాహం వేసేది వాడికే. వాడు లేచి పోయి చెంబు ముంచి గటగటా తాగాడు. తాగి, మూతి తుడుచుకుని, "ఏందిరా, ఇవి మన బావి నీళ్ళ కంటే తియ్యంగా ఉండాయే" అన్నాడు. పోలయ్య తల్లి నవ్వింది. "ఇసకలో తవ్విన చెలమ నీళ్ళు నాయనా. సముద్రం పక్కనే, అయినా ఉప్పుండదు." తర్వాత అందరం తాగాం. కడవ ఖాళీ అయ్యాక సారు ఈల ఊదారు.

ఆ ఏడాది నడి మెట్టులో మొదటి నాలుగు ఆటలూ ఓడాం. ఊళ్ళో నవ్వారు. "పై మెట్టు దొరలు వస్తుండారు" అని అవతలి జట్ల వాళ్ళు కూడా నవ్వారు. ఇసుకలో పరుగెత్తీ పరుగెత్తీ మా కాళ్ళు గట్టిపడ్డాయి. పోలయ్య మాకు బంతిని నేలబారుగా కాకుండా గాలిలో ఒకరికొకరు అందించుకోవడం నేర్పాడు. ఇసుకలో బంతి దొర్లదు కదా, వాళ్ళ ఆటంతా గాలిలోనే. మరుసటి ఏడాది గట్టి నేల మీద కూడా మమ్మల్ని ఆపగలిగేవాళ్ళు తక్కువయ్యారు. ఆ ఏడాదే ఒక ఆదివారం పాళెం ఇసుకదిబ్బ మీద నల్ల గొడుగు ఒకటి కనిపించింది. మామ. దగ్గరకు రాలేదు. ఆట అయిపోగానే పోయాడు. తర్వాతి ఆదివారం గొడుగు ఇంకొంచెం దగ్గరికి జరిగింది. ఆ పై ఆదివారం పోలయ్య తల్లి ఒక పీట తెచ్చి వేసింది. మామ కూర్చున్నాడు.

మేము పై మెట్టుకు ఎక్కిన ఏడాది మామ శనగ వేయలేదు. ఎడ్లు కట్టి, చేను మీద పలక తోలించి నేల చదును చేయించాడు. గోలు స్తంభాలు తనే నిలబెట్టించి సారుకు కబురు చేశాడు. సారు వచ్చి నేలంతా నడిచి చూశారు.

"శనగలు బాగా కాసినాయా రెడ్డిగారూ?"

"కాసినాయి సారూ" అన్నాడు మామ. "ఆదివారం పూట మాత్రం ఊరు బోసిగా ఉండాది."

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళ మధ్య ఆ తగాదాకు రాజీ అంతే.

కొన్నాళ్ళకు సారుకు దక్షిణాన తడ వైపు లాకుకు బదిలీ అయింది. ఇక లీగు చెదిరిపోతుందనే అందరూ అన్నారు. పోయే రోజు పడవ ఎక్కుతూ సారు నాకు సుద్దముక్కల డబ్బా ఇచ్చారు. "నేను పట్టుకుంటేనే నిలిచేది నిచ్చెన కాదబ్బయ్యా. వదిలేసి చూద్దాం" అన్నారు. ఆయన ముఖంలో దిగులు లేదు. అది నిలుస్తుందని ఆయనకు తెలుసు. మాకే తెలియదు.

ఆ ఏడాది పై మెట్టులో అడుక్కు పడింది పాళెం. మంచి ఆటగాళ్ళు ఇద్దరు కృష్ణపట్నం రేవులో పనికి పోయారు, జట్టు బలహీనపడింది. కెప్టెన్లందరం మళ్ళీ అదే సరుగుడు చెట్ల కింద కూర్చున్నాం. అందరికంటే ముందు మా మామే మాట్లాడాడు.

"వాళ్ళు మా పిల్లోళ్ళకు ఇసక ఇచ్చినారు, నీళ్ళిచ్చినారు. నా మాట వినండి. ఇంకొక్క చోటు పెంచుదాం. వాళ్ళను దించబాకండి."

అది స్వార్థం కోసం అడిగిన మాట కాదు. అందుకే ఎవరికీ కాదనబుద్ధి కాలేదు. నేను సుద్దముక్క పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను. పోలయ్య లేచాడు.

"అయ్యా, మీ మనసు గొప్పది. మీరు దిగినారు గనకనే ఆ రోజు మేము ఎక్కినాము. ఈ రోజు మేము దిగకపోతే కింద గెలిచినోళ్ళు యాడికి ఎక్కాల? అన్నా, మమ్మల్ని నడి మెట్టులో రాయి."

రాశాను. నెల తిరక్కముందే సారు సెలవు పెట్టి పడవలో వచ్చారు. దిగగానే గోడ దగ్గరకు పోయి చూశారు. పాళెం పేరు నడి మెట్టులో ఉంది. దాని పై మెట్టులో ఎన్నడూ అక్కడ లేని ఒక చిన్న ఊరి పేరు ఉంది. "ఎవరు రాసినారు?" అన్నారు. నేనే అన్నాను. "అక్షరాలు వంకర. మెట్లు మాత్రం సరిగ్గా ఉండాయి" అన్నారు. భుజం తట్టి, అమ్మగారి కోసం ఎండుచేపలు కొనాలని పాళెం వైపు నడిచారు.

మరుసటి ఏడాది నెల్లూరులో జరిగే టోర్నమెంటుకు మా పై మెట్టులో గెలిచిన జట్టును పిలిచారు. పిలవమని ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. మా ఆటలు చూసిన వాళ్ళే పిలిచారు. మొదటి ఆటలోనే ఓడి వచ్చామనుకోండి. తడ నుంచి వచ్చి సంగతి విన్న సారు ఉత్సాహం మాత్రం తగ్గలేదు. "నడుమ మెట్టు ఒకటి పడింది చూసినారా" అన్నారు. అప్పటి నుంచీ ప్రతి ఏడాదీ పిలుపు వస్తోంది. పోయిన ఏడాది రెండు ఆటలు గెలిచాం. దేశపు మేడ మీద గదికి మా కాలువ గట్టు నుంచి మెట్లు పడటం మేము చూడకపోవచ్చు. మా తర్వాతి వాళ్ళు చూస్తారని నాకు అనుమానం లేదు. ఆయనకూ ఉండేది కాదు.

ఉద్యోగం మానుకున్నాక సారు కోవూరులో కూతురి దగ్గర స్థిరపడ్డారు. ఆ సోమవారం మేము పోయేసరికి ఇంటి ముందు వీధి నిండిపోయింది. పడవవాళ్ళు, రైతులు, పాళేల వాళ్ళు. అమ్మగారు మమ్మల్ని చూసి, "అందరూ వచ్చినారా నాయనా, నీళ్ళు తాగినారా?" అని అడిగింది. ఆ ఇంట్లో ఆ రోజు కూడా ఆ మాట మానలేదు. పాడె మోసేదానికి బంధువులు లేక కాదు, అయినా మామ ముందుకు పోయి ఒక పక్క భుజం పెట్టాడు. వెనక భుజం పోలయ్యది. పెన్న ఒడ్డున అంతా అయ్యాక మామ ఇసుకలో నా పక్కన కూర్చున్నాడు. "ఈ చుట్టుపక్కల నన్ను దించినోడు ఆయనొక్కడేరా" అన్నాడు. చేతికంటిన ఇసుక దులుపుకుని, "ఆయన మీద కోపం ఎన్నాళ్ళు పెట్టుకున్నా నిలవలేదు" అన్నాడు.

నిన్న ఆదివారం కాలువకు అవతల ఉప్పుమళ్ళలో పనిచేసేవాళ్ళు మొదటిసారి జట్టు కట్టారు. ఆట నడిపించడానికి నేను పోయాను. ఎండిన మడి ఒకటి చదునుగా, తెల్లగా మెరుస్తోంది. గోలు స్తంభాలు లేవు, రెండు ఉప్పు కుప్పలు పోసి పెట్టుకున్నారు. వాళ్ళ కెప్టెను నలభై ఏళ్ళ మనిషి, పిక్కల దాకా ఉప్పు అంటుకుని ఉంది. నా దగ్గరకు వచ్చి అడిగాడు.

"అన్నా, మాది ఏ మెట్టు?"

"అడుగు మెట్టు."

అతను తన వాళ్ళ వైపు తిరిగాడు. "ఒరే, మనకు దిగే పని లేదంటరా. ఎక్కేదే."

అందరూ నవ్వారు. ఆట మొదలైంది. మొదటి గోలు వాళ్ళకే పడింది. బంతి రెండు కుప్పల నడుమ నుంచి దూసుకుపోయి, దూరంగా తెల్లటి నేల మీద దొర్లుతూ పోయింది. అవతలి జట్టు గోలీ దాన్ని తెచ్చుకోవడానికి పరుగెత్తాడు. అతను అడుగు వేసిన చోటల్లా ఉప్పు పెచ్చు పగిలి, ఆ పాదాల గుర్తుల్లోకి మెల్లగా నీళ్ళు ఊరుతున్నాయి.